లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని చేసిన ప్రార్థన

కుటుంబ వ్యాపారం కష్టాల్లో పడ్డాక మా ఇంట్లో ముందుగా ఆగిపోయింది లెక్కలు రాయడం. ప్రార్థన ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. కానీ బ్యాంకు నుంచి వచ్చిన కవరు విప్పకుండానే దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాళ్ళం. ఎంత అప్పుందో తెలియకుండానే అప్పు తీర్చమని దేవుణ్ణి అడిగేవాళ్ళం. అది విశ్వాసమే అనుకున్నాం. నిజానికి దాన్ని నడిపించింది భయం.

తెలుగులో నమ్మకం అనే మాటకు రెండు ముఖాలున్నాయి. మనం దేవుణ్ణి నమ్మడం ఒకటి, మనల్ని ఎదుటివాళ్ళు నమ్మగలగడం రెండోది. వ్యాపారం బాగున్నప్పుడు ఈ రెండూ వేరువేరుగా నడిచిపోతాయి. డబ్బు చాలనప్పుడు మాత్రం రెండూ ఒకే టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుంటాయి. కాబట్టి ఇక్కడ రాస్తున్నది ప్రార్థన గురించి ఎంతో, బాకీల గురించీ అంతే.

బైబిల్లో రాజులు రెండో గ్రంథం 4వ అధ్యాయంలో అప్పులపాలైన విధవరాలి సంగతి మాకు చాలా పనికొచ్చింది. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ప్రవక్త ఆమెను అడిగాడు, నీ ఇంట్లో ఏముంది అని. కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. అద్భుతానికి ముందే సరుకు లెక్క జరిగింది. ఆమె పొరుగువాళ్ళ దగ్గర పాత్రలు అడిగి తెచ్చుకుంది, అంటే తన అవసరం నలుగురికీ తెలియనిచ్చింది. ఆ తర్వాత తలుపు మూసుకుని కొడుకులతో కలిసి పని చేసింది, ఆ కొంచెం నూనె పోస్తుంటే పాత్రలన్నీ నిండాయి. చివరికి ప్రవక్త చెప్పిన వరస కూడా చూడండి: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో మీరు బతకండి. మేం ఈ వరసనే పట్టుకున్నాం.

మొదటి వారం చేసిన పని ఒక్కటే, నాలుగు కాగితాలు నింపడం. ఒకదాని మీద గల్లాలో, బ్యాంకులో ఆ రోజు ఉన్న రొక్కం. రెండోదాని మీద మనకు రావాల్సినవి, బిల్లు వేసి ఎన్నాళ్ళయిందో దాన్నిబట్టి విడగొట్టి: 30 రోజుల లోపు, 31 నుంచి 60, 61 నుంచి 90, 90 దాటినవి. మూడోదాని మీద మనం ఇవ్వాల్సినవి. ప్రతి పేరు పక్కనా గడువు తేదీ, ఆ తేదీకి ఇవ్వకపోతే ఏం జరుగుతుందన్నది రాయాలి. నాలుగోదాని మీద ఉన్న సరుకు, దాని ధరతో పాటు అది చివరిసారి ఎప్పుడు అమ్ముడుపోయిందో కూడా. ఈ ఆఖరి వివరం చాలామంది వదిలేస్తారు. ఆరు నెలలుగా కదలని సరుకును కొన్న ధరకే లెక్కేసుకుంటే మనం ఉన్నదానికంటే ధనవంతులమనే భ్రమలో ఉంటాం.

కవర్లన్నీ ఒకే కూర్చోవడంలో విప్పాలి. మేం ముందు ఐదు నిమిషాలు ప్రార్థించి మొదలుపెట్టాం, ఒకరు విప్పి చదివితే ఇంకొకరు రాశారు. ఒక్కరే చేయకూడని పని ఇది. మధ్యలో ఏదో ఒక కవరు దగ్గర మనసు ఆగిపోతుంది. పక్కన మనిషి లేకపోతే మిగతావి మళ్ళీ సొరుగులోకే వెళ్తాయి. మీ మందల స్థితి బాగా తెలుసుకోమని సామెతలు 27:23 చెబుతుంది. మాకు మందలు లేవు, బిల్లులున్నాయి.

ఆ నాలుగు కాగితాల నుంచి 13 వారాల నగదు పట్టిక తయారవుతుంది. అడ్డంగా 13 వారాలు. ప్రతి వారం కింద ప్రారంభ నిల్వ, వచ్చే డబ్బు, పోయే డబ్బు, ముగింపు నిల్వ. ఈ వారం ముగింపే వచ్చే వారానికి ప్రారంభం. 13 వారాలంటే ఒక త్రైమాసికం. నెల చూస్తే దగ్గరి మంటలే కనిపిస్తాయి, ఏడాది చూస్తే ఊహలు ఎక్కువైపోతాయి. పట్టిక గీయడానికి గంట చాలు, నిజాయితీగా నింపడానికే కష్టం. రావాల్సిన డబ్బును, ఇస్తానని వాళ్ళు చెప్పిన వారంలో రాయకూడదు. ఇంతకుముందు బిల్లులకు ఎన్ని రోజులు పట్టిందో చూసి ఆ వారంలో రాయాలి. 90 రోజులు దాటినదానికి సున్నా వేయాలి. వస్తే కృతజ్ఞతలు చెబుదాం, దాని మీద జీతాల ఆశ మాత్రం పెట్టుకోవద్దు. పోయే డబ్బులో తప్పు జరిగేది ఏడాదికో మూడు నెలలకో వచ్చే ఖర్చుల దగ్గర: బీమా, లైసెన్సు, పన్ను. ఇవి నెలవారీ అలవాటులో లేవు గనక మరిచిపోతాం. సరిగ్గా అవే వచ్చిన వారం పట్టిక కూలిపోతుంది. ప్రతి వారం అంచనా పక్కన అసలు అంకె రాసి, తేడా ఎందుకొచ్చిందో ఒక్క మాటలో రాసుకోవాలి. నాలుగైదు వారాలకు ఆ మాటలే జబ్బు పేరు చెబుతాయి.

మాలాంటి వాళ్ళను ఎక్కువగా కంగారు పెట్టేది, అమ్మకాలు ఉన్నాయి కదా, డబ్బు ఎటు పోతోందన్న ప్రశ్న. ఇంట్లో అనుమానాలు మొదలయ్యేదీ ఇక్కడే. జవాబు చాలాసార్లు రోజుల్లో దొరుకుతుంది. సరుకు కొన్నాక అమ్ముడుపోవడానికి 45 రోజులు, అమ్మాక డబ్బు చేతికి రావడానికి 60 రోజులు పడుతుందనుకోండి. సరుకిచ్చినవాళ్ళకు మనం 30 రోజుల్లో కట్టాలి. 45కి 60 కలిపి 30 తీసేస్తే 75. ప్రతి విడత సరుకుకూ 75 రోజుల పాటు మన సొంత డబ్బు ఇరుక్కుపోతుంది. అమ్మకాలు పెరిగితే ఇరుక్కునే మొత్తం కూడా పెరుగుతుంది. లెక్కల్లో లాభం కనిపిస్తూనే జీతాల రోజున గల్లా ఖాళీగా ఉండటం ఇందుకే. ఎవరూ దొంగిలించలేదని కాగితం మీద తేలిన రోజు ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూడగలిగాం. ఆ రోజు మేం చెప్పిన కృతజ్ఞతా ప్రార్థన చాలా నిజమైనది.

రెండో లెక్క తగ్గింపు ధరలది. 100కు అమ్మే వస్తువు కొనుగోలు 70 అయితే మిగిలేది 30. అమ్మకం పెంచాలని 10 శాతం తగ్గిస్తే 90కి అమ్ముతాం, మిగిలేది 20. అంతకుముందు మిగిలినంతే మిగలాలంటే ఒకటిన్నర రెట్లు అమ్మాలి. కదలని సరుకు వదిలించుకోవడానికి తగ్గించడం మంచిదే. కదిలే సరుకు మీద భయంతో తగ్గించడం మాత్రం నష్టాన్ని మన చేతులతో కొనుక్కోవడమే. అద్దె, జీతాల్లాంటి తప్పని ఖర్చులు నెలకు 36 అనుకుంటే, ప్రతి 100 అమ్మకంలో 30 మిగిలే వ్యాపారం నెలకు 120 అమ్మితేనే నష్టం లేకుండా నిలబడుతుంది. ఈ ఒక్క అంకె ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ తెలిసి ఉండాలి. దేవుణ్ణి ఏం అడుగుతున్నామో అప్పుడే స్పష్టమవుతుంది.

ఇక డబ్బు చాలనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్న ప్రశ్న. ఇక్కడే విశ్వాసం మాటల్లోంచి చేతికి వస్తుంది. గట్టిగా అరిచేవాళ్ళకు ముందు ఇచ్చేయడం మనిషి సహజం. అలా చేస్తే అరవని వాళ్ళు, అంటే మన దగ్గర పనిచేసేవాళ్ళు, చిన్న సరఫరాదారులు, నలిగిపోతారు. కూలివాని జీతం తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 అంటుంది. పట్టి ఉంచిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5:4 చెబుతుంది. కాబట్టి మా వరసలో జీతాలు మొదటివి. ఆ తర్వాత కొనుగోలుదారుల నుంచి ప్రభుత్వం కోసం వసూలు చేసిన పన్ను. అది ఎన్నడూ మనది కాదు, మన చేతిలో కాసేపు ఆగిందంతే. తాత్కాలికంగా వాడుకుందాం అనిపించే మొదటి డబ్బు అదే కాబట్టి దాన్ని వేరే ఖాతాలో పెట్టేశాం. తర్వాత కరెంటు, అద్దె లాంటివి, అవి లేకపోతే రేపు తలుపు తెరుచుకోదు. ఆపైన ఇల్లు తాకట్టు ఉన్న రుణం, మనకంటే చిన్నవాళ్ళైన సరఫరాదారులు, మిగతావాళ్ళు. చట్టం చెప్పే వరస ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది గనక అకౌంటెంట్‌ను అడిగి సరిచూసుకోవాలి. ముఖ్యంగా వ్యాపారం మూతపడే స్థితిలో ఉన్నప్పుడు మిగతావాళ్ళను ఆపి బంధువుల బాకీలు తీర్చడాన్ని చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు.

కుటుంబం తీసుకునే డబ్బును తగ్గించండి, సున్నా చేయొద్దు. సున్నా చేయడం త్యాగంలా కనిపిస్తుంది కానీ పనిచేయదు. ఇంటి అవసరాలు ఆగవు. నెలకు ఇంత అని రాసుకోకపోతే చెయ్యి గల్లాలోకి వెళ్తుంది, అది ఏ లెక్కలోనూ ఎక్కదు, రెండు నెలల్లో పట్టిక మీద అందరికీ నమ్మకం పోతుంది. ఇంటికో ఖాతా, వ్యాపారానికో ఖాతా. మధ్యలో నెలకు ఒకే తేదీన ఒకే మొత్తం మారాలి.

బాకీదారుగా ఫోన్ చేయడం అన్నిటికంటే కష్టమైన భాగం. గడువు దాటాక వాళ్ళు చేసే ఫోన్ కంటే, గడువుకు ముందే మనం చేసే ఫోన్‌కు విలువ చాలా ఎక్కువ. అందులో మూడే విషయాలు ఉండాలి: ఎంత ఇవ్వాలో, గడువుకు ఎంత ఇవ్వగలమో, మిగతాది ఏయే తేదీల్లో ఇస్తామో. మేం ఇంచుమించు ఇలా చెప్పేవాళ్ళం: “అండీ, 15న మీకు ఇవ్వాల్సిన మొత్తం మేం ఇవ్వలేకపోతున్నాం. ఆ రోజు నాలుగో వంతు పంపుతాం. మిగతాది మూడు నెలలు, ప్రతి నెలా 15నే. ఇదే కాగితం మీద రాసి పంపిస్తున్నాం.” కష్టాల చరిత్రంతా చెప్పాల్సిన పనిలేదు. వాళ్ళకు కావాల్సింది తేదీ. పట్టికలో కనిపించని మొత్తాన్ని మొహమాటంతో ఒప్పుకోవడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. పెద్ద మాట ఇచ్చి తప్పడం కంటే చిన్న మొత్తం చెప్పిన రోజునే పంపడం మంచిది. వరసగా మూడుసార్లు చెప్పిన తేదీకి డబ్బు అందితే ఎదుటివాళ్ళ గొంతు మారడం వినగలం. బ్యాంకు విషయంలోనూ అంతే, వాయిదా తప్పక ముందే పట్టిక తీసుకుని వెళ్ళాలి. గడువు పొడిగించమనో, కొంతకాలం వడ్డీ మాత్రమే కట్టనివ్వమనో అడగొచ్చు. దీనివల్ల మొత్తం మీద కట్టే వడ్డీ పెరుగుతుందన్నది తెలిసే అడగాలి.

కొత్త అప్పు దేవుడిచ్చిన దారిలా కనిపించే రోజులుంటాయి. దానికి మేం పెట్టుకున్న పరీక్ష: ఈ అప్పు వల్ల 13 వారాల్లోపు వచ్చే అదనపు డబ్బు, ఆ అప్పు వాయిదాల కంటే ఎక్కువా? కాకపోతే అది పాత గొయ్యి పూడ్చడానికి తవ్వే కొత్త గొయ్యి. నెలకు నూటికి 3 వడ్డీ వినడానికి చిన్నదే. ఏడాదికి 36, కట్టకుండా వడ్డీకి వడ్డీ పడితే 42 దాటుతుంది. నూటికి 42 లాభం నికరంగా మిగిల్చే వ్యాపారమైతే కష్టాల్లో పడేదే కాదు.

కృతజ్ఞత సంగతికి వస్తే, దాన్ని కూడా లెక్కలాగే రోజూ రాయాలని మాకు ఆలస్యంగా తెలిసింది. “అన్నిటికీ వందనాలు ప్రభువా” అనే ప్రార్థన నోటికి అలవాటైపోతుంది, మనసుకు అందదు. అందుకే లెక్కల పుస్తకాన్నే తిరగేసి, వెనక పేజీల నుంచి రోజుకు మూడు వరసలు రాయడం మొదలుపెట్టాం. ప్రతి వరసలో ఒక మనిషి పేరు, ఆ మనిషి చేసిన పని, తేదీ ఉండాలి. ఆరోగ్యం, కుటుంబం లాంటి పెద్ద మాటలు రాయకూడదు. “ఫలానా వారు బిల్లు రెండు రోజుల ముందే కట్టారు”, “ఫలానా అబ్బాయి సాయంత్రం అడక్కుండానే అరగంట ఎక్కువ ఉండి సరుకు సర్దాడు”. అలా రాయాలి. వారానికొకసారి వాటిలో ఒక మనిషిని ఎంచుకుని ఆ మనిషికే నోటితో చెప్పాలి, రాసుకుని ఊరుకోకూడదు. మేం ఊహించనిది ఇంకొకటి జరిగింది. కొన్ని వారాలకు ఆ పేజీల్లో అవే నాలుగైదు పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాళ్ళ మీద పెట్టే శ్రద్ధ ఎంతని చూసుకుంటే సిగ్గేసింది. మా సమయమంతా ఆలస్యంగా కట్టేవాళ్ళ వెంట తిరగడానికే పోతోంది. సమయానికి కట్టే వాళ్ళకు ముందు సరుకు పంపడం, వాళ్ళకు ఇంకేం కావాలో అడగడం అప్పటినుంచే మొదలైంది.

కృతజ్ఞత దారి తప్పే చోట్లు కూడా చెప్పాలి. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5:18 ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమంది. నష్టం మంచిదని అనమని అది చెప్పలేదు. ఇంట్లో ఒకరు ఏడుస్తుంటే “స్తుతించు, సణగకు” అనడం కృతజ్ఞత కాదు, నోరు మూయించడం. 13వ కీర్తన ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళని అడుగుతూ మొదలవుతుంది, దాన్ని అలాగే గట్టిగా చదువుకోవచ్చు. హబక్కూకు 3:17లో ప్రవక్త ఆరు నష్టాలు ఒక్కొక్కటే చెబుతాడు: అంజూరపు చెట్టు పూయలేదు, ద్రాక్షతీగ ఫలించలేదు, ఒలీవ కాపు లేదు, పొలంలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఆరూ లెక్కపెట్టాకే ఆనందిస్తానంటాడు. మా కుటుంబ ప్రార్థనలోనూ ముందు ఆ వారం నష్టాలు చదివేవాళ్ళం, తర్వాత వెనక పేజీలు.

దశమభాగం, అంటే ఆదాయంలో దేవుడికిచ్చే పదో వంతు విషయంలో ఇంట్లో వాదన తప్పదు. మేం తేల్చుకున్నది ఇది. అప్పుగా వచ్చిన డబ్బు ఆదాయం కాదు, దానిలోంచి తీయనక్కరలేదు. మొత్తం అమ్మకం మీద కూడా కాదు, అందులో పెద్ద భాగం సరుకిచ్చినవాళ్ళది. కుటుంబం తీసుకునే డబ్బు మీద తీస్తాం, అది ఎంత చిన్నదైనా. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8:12 ప్రకారం మన దగ్గర ఉన్నదాన్నిబట్టే కానుకకు అంగీకారం, లేనిదాన్నిబట్టి కాదు. పనివాళ్ళ జీతం ఆపి కానుక వేస్తే అది వాళ్ళ కానుకే అవుతుంది. “ఈ ఆర్డరు ఇప్పిస్తే ఇంత ఇస్తాను” అనే మొక్కులు మానేశాం. దేవుడితో బేరమాడటం అలవాటైతే ఆర్డరు రాని రోజున విశ్వాసం కూడా చేజారుతుంది.

డబ్బు మాటలకు వారంలో ఒకే గంట కేటాయించడం ఇంటిని కాపాడింది. అదే రోజు, అదే సమయం. పట్టిక చదవడం, మూడుకు మించని నిర్ణయాలు, ప్రతి నిర్ణయం పక్కన ఒకరి పేరు, ఒక తేదీ. భోజనం దగ్గర, పడుకునే ముందు ఆ మాట ఎత్తకూడదు. వ్యాపారం మొదలుపెట్టిన పెద్దవారికి ఈ గంట చాలా బాధగా ఉంటుంది, ప్రతి అంకే తన మీద తీర్పులా వినిపిస్తుంది. కాబట్టి “మీరు అప్పుడు అలా చేయకుండా ఉంటే” అనే వాక్యాన్ని ఆ గంటలో నిషేధించాం. బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకూ మేలే చేశారు. ఏ పాపం వల్ల ఇదంతా వచ్చిందో వివరించబోయాకే చెడింది.

ఆగే గీతను ముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే గీసుకోవాలి. మేం రాసుకున్నవి మూడు: వరసగా మూడు నెలలు అమ్మకం, నష్టం లేకుండా నిలబడే అంకెకు (పై లెక్కలో 120) చేరకపోతే, జీతాలు రెండుసార్లు ఆలస్యమైతే, పాత వాయిదా కట్టడానికి ఇల్లు మళ్ళీ తాకట్టు పెట్టాల్సివస్తే. ఏది జరిగినా వ్యాపారాన్ని చిన్నది చేస్తాం, కుదరకపోతే మూసేస్తాం. మూసేయడం విశ్వాసం తప్పడమని ఎవరైనా అంటారేమోనని ఈ గీత గీయడానికి జంకుతాం. గీత లేకపోతే మూతపడేది పనివాళ్ళ జీతాలతో, సరఫరాదారుల డబ్బుతో కలిసి మూతపడుతుంది. ఒక విభాగాన్ని మేం అలాగే మూశాం. ముందు పనివాళ్ళకు చెప్పాం. మూసేస్తున్నట్టు బయటికి తెలియకముందే రావాల్సిన బాకీలు గట్టిగా వసూలు చేశాం, ఎందుకంటే మూసేశారని తెలిశాక కట్టేవాళ్ళు నెమ్మదిస్తారు. సరుకును తొందరపడి గుత్తగా ఇచ్చేయకుండా కదిలేది విడిగా, కదలనిది విడిగా అమ్మాం.

చివరి వాయిదా కట్టిన రోజు చేయాల్సినవి కొన్ని ఉంటాయి, ఆ ఊరటలో మరిచిపోతాం. బాకీ లేదని రాసి సంతకం చేయించుకోవాలి. హామీగా ఇచ్చిన చెక్కులు, ప్రామిసరీ నోట్లు, తాకట్టు కాగితాలు వెనక్కి తీసుకోవాలి. హామీ సంతకం పెట్టినవాళ్ళకు విడుదలైనట్టు చెప్పి ఆ కాగితం నకలు ఇవ్వాలి. ఆ తర్వాత, ఇవ్వాల్సినవి రాసిన మూడో కాగితంలో ఆ పేరు కొట్టేస్తాం. అదే పేరు, అదే తేదీతో, ఇన్నాళ్ళు ఓపిక పట్టారని ఒక్క ముక్క జోడించి పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటాం.